కోబాల్ట్-కాపర్ పొరల్లో జీఎంఆర్ రావట్లేదా? సమస్య - పరిష్కారం

జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్‌లో (జీఎంఆర్, అంటే అయస్కాంత క్షేత్రం లేదా ఫీల్డ్ పెడితే పొరల రెసిస్టెన్స్ బాగా తగ్గడం) ఆట అంతా మధ్యలో కాపర్ పెట్టిన పక్కపక్క కోబాల్ట్ పొరలదే. వాటి అయస్కాంత దిశలు ఎదురెదురుగా ఉంటే రెసిస్టెన్స్ ఎక్కువ, ఒకే వైపు తిరిగితే తక్కువ. అందుకే మీటర్‌ని, వైర్లని అనుమానించే ముందు శాంపిల్ హిస్టెరిసిస్ లూప్ (ఫీల్డ్ మారుతుంటే అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) తీసి చూడండి.

సమస్య: ఫీల్డ్ పెంచినా రెసిస్టెన్స్ కదలదు. లూప్‌లో చూస్తే ఫీల్డ్ సున్నాకి వచ్చినా అయస్కాంతత్వం దాదాపు అలాగే ఉంటుంది.

కారణం: పొరలు ముందే ఒకే వైపు ఉన్నాయి, ఇక తిరగడానికేముంది? చాలావరకు తప్పు కాపర్ మందానిదే. 1990ల మొదట్లో ఐబీఎమ్‌లో స్టూవర్ట్ పార్కిన్ బృందం చూపించినట్టు, కాపర్ 0.9 నానోమీటర్ల దగ్గర పొరలు ఎదురెదురుగా నిలుస్తాయి, మళ్ళీ 2 దగ్గర నిలుస్తాయి. మధ్యలో ఒకే వైపు చూస్తాయి. 0.9 అంటే నాలుగైదు అణువరుసలే. స్పట్టరింగ్ (లోహాన్ని అణువులుగా చిమ్మి పొర వేసే పద్ధతి) రేటు కాస్త తేడా వచ్చినా పని చెడుతుంది.

పరిష్కారం: సెకన్లు లెక్కపెట్టి మందం ఊహించకండి. ఎక్స్-రే రిఫ్లెక్టివిటీతో (పొర నుంచి తిరిగొచ్చే ఎక్స్-రేలతో మందం కొలిచే పద్ధతి) రేటు సరిచూసుకోండి. వీలుంటే ఒక చివర పల్చగా, మరో చివర మందంగా కాపర్ వేసి ఒకే శాంపిల్ మీద సరైన మందం వెతకండి. మందం సరిగ్గానే ఉన్నా లూప్ సగమే మారితే, కాపర్‌లో సూది బెజ్జాలు పడి కోబాల్ట్ పొరలు ఒకదాన్నొకటి తాకుతున్నాయన్న అనుమానం బలమైనది. అప్పుడు అడుగున నునుపైన ఐరన్ బఫర్ (పునాది పొర) వేయండి, లేదా 2 నానోమీటర్లకు వెళ్ళండి. అక్కడ రెసిస్టెన్స్ మార్పు తగ్గుతుంది గానీ చిన్న ఫీల్డ్ చాలు. నా ఓటు దానికే.

సమస్య: ఎంత ఫీల్డ్ పెట్టినా రెసిస్టెన్స్ గ్రాఫ్ రెండు చివర్లా ఇంకా కిందికే జారుతోంది.

శాంపిల్ బాగానే ఉంది, మాగ్నెటే చాల్లేదు. 0.9 దగ్గర పొరల మధ్య పట్టు గట్టిది, పొరలన్నీ తిరగాలంటే సుమారు 1 టెస్లా కావాలి.

సమస్య: ఒకటి రెండు శాతం మార్పు వచ్చింది, కానీ ఫీల్డ్‌ని కరెంటు దిశకు అడ్డంగా తిప్పితే పెరగాల్సిన రెసిస్టెన్స్ తగ్గుతోంది.

ఇది జీఎంఆర్ కాదు, మామూలు కోబాల్ట్‌లోనూ కనిపించే ఏఎంఆర్ (కరెంటుకీ అయస్కాంత దిశకీ మధ్య కోణాన్ని బట్టి రెసిస్టెన్స్ మారడం). అసలు జీఎంఆర్‌కు ఫీల్డ్ ఎటున్నా రెసిస్టెన్స్ తగ్గడమే తెలుసు. మొదటి సమస్యకే తిరిగి వెళ్ళాలి.

సమస్య: ద్రవ హీలియం చలిలో జీఎంఆర్ బ్రహ్మాండం, గది వేడిలో డీలా.

టెన్షన్ అక్కర్లేదు. 1988లో ఆల్బర్ట్ ఫెర్ బృందం ఐరన్-క్రోమియం పొరల్లో రెసిస్టెన్స్ దాదాపు సగానికి పడిపోవడం చూసింది కూడా 4.2 కెల్విన్ (ద్రవ హీలియం చలి) దగ్గరే.