న్యూజెర్సీకి కొత్తగా వచ్చారా? ఇక్కడి ఆటల సంగతి కాస్త తెలుసుకోండి

సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలా తీసుకోవాలి, బ్యాంకు ఖాతా ఎక్కడ తెరవాలి, మంచి గోంగూర ఏ షాపులో దొరుకుతుంది అని చెప్పడానికి ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల మనవాళ్లకు కొదవ లేదు. ఆటల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. దిగిన మూడో వారం మీటింగులో మేనేజరు "ఒక బాల్‌పార్క్ ఫిగర్ ఇవ్వు చాలు" అన్నాడు. అర్థం కాకపోయినా తలూపాను. రెండు రాత్రులు మేలుకుని, గంటగంటకీ లెక్క వేసి, పెద్ద ఎక్సెల్ షీటు పంపాను. ఆయన అడిగింది ఉజ్జాయింపుగా ఒక అంకె. నేనిచ్చింది పెళ్లి సామాన్ల జాబితా.

బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ ఆడే మైదానం. టచ్ బేస్, కర్వ్‌బాల్, హోమ్ రన్ ఇవన్నీ ఆ ఆట మాటలే. హెయిల్ మేరీ, పంట్ ఫుట్‌బాల్‌వి. స్లామ్ డంక్ బాస్కెట్‌బాల్‌ది. ఆఫీసు ఇంగ్లిష్‌లో సగం ఆటలే ఆడుతుంటాయి. అందుకని మీరు ఏదో జట్టుకు వీరాభిమాని అయిపోవాల్సిన పనేమీ లేదు. ఏ ఆట ఎక్కడ, ఎవరి మధ్య పుట్టిందో తెలిస్తే అది ఏ నెలలో, ఏ వారం, ఎవరితో చూడాలో దానంతటదే తెలిసిపోతుంది. ఈ విషయంలో మీరు దిగిన రాష్ట్రం మహా మంచిది. వీటిలో రెండు ఆటల కథ మీ ఇంటి పక్కనే మొదలైంది.

హోబోకెన్ నుంచి మొదలుపెట్టండి

ఒక ఆదివారం పాత్ ట్రైన్ ఎక్కి హోబోకెన్‌లో దిగండి. వాషింగ్టన్ స్ట్రీట్ వెంట పదకొండో వీధి దాకా నడిస్తే బేస్‌బాల్‌కు గుర్తుగా పెట్టిన చిన్న స్మారకం కనిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ ఎలీసియన్ ఫీల్డ్స్ అనే పెద్ద తోట ఉండేది. 1840లలో మాన్‌హాటన్ ఇళ్లతో నిండిపోతోంది, ఆడుకోవడానికి జాగా లేదు. గుమాస్తాలు, చిన్న వ్యాపారులు సాయంత్రం పడవెక్కి హడ్సన్ నది దాటి ఇక్కడికి వచ్చేవారు. వాళ్లలో కొందరు నికర్‌బాకర్ క్లబ్బు పెట్టుకుని 1845లో నియమాలు రాసుకున్నారు. 1846 జూన్ 19న ఈ తోటలోనే ఇంకో జట్టుతో ఆడి 23-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. నియమాలు రాసినవాళ్లే ఓడిపోవడం నాకు భలే నచ్చింది.

ఆ నియమాల్లో ఒకటి చూడండి. అంతకుముందు పరుగెత్తేవాణ్ణి బంతితో కొడితే ఔట్, అచ్చం మన ఏడుపెంకులాట లాగా. నికర్‌బాకర్లు అది కుదరదన్నారు. మనిషికి తగిలే భయం పోయాక గట్టి బంతి వాడొచ్చు. గట్టి బంతి దూరం వెళుతుంది, మైదానం పెద్దదవుతుంది. పిల్లల ఆట పెద్దవాళ్ల ఆట అయింది అలాగే.

ఇప్పుడు క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. 1859లో ఇంగ్లండ్ జట్టు మొట్టమొదటిసారి సముద్రం దాటి క్రికెట్ ఆడటానికి వెళ్లింది ఆస్ట్రేలియాకు కాదు, మన దేశానికి అసలే కాదు. కెనడాకు, అమెరికాకు. ఆ పర్యటనలో ఒక మ్యాచ్ ఇదే హోబోకెన్‌లో జరిగింది. ఇంగ్లండ్ వైపు పదకొండు మంది, అమెరికా వైపు ఇరవై ఇద్దరు! అయినా ఇంగ్లండే గెలిచింది. అంతకు పదిహేనేళ్ల ముందే, 1844లో, అమెరికా, కెనడా జట్లు న్యూయార్క్‌లో క్రికెట్ ఆడాయి. "అమెరికావాళ్లకు క్రికెట్ తెలీదు" అని నవ్వే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. వాళ్లకు తెలుసు, వదిలేశారు.

ఎందుకు వదిలేశారంటే ఒక్క కారణం కాదు. క్రికెట్‌కు చదునైన పిచ్ కావాలి, రెండు మూడు రోజుల తీరిక కావాలి. వారానికి ఆరు రోజులు పనిచేసే నగరంలో అంత తీరిక ఎవరికుంది? బేస్‌బాల్ ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, ఏ గడ్డి నేలైనా చాలు. 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగినప్పుడు సైనిక శిబిరాల్లో ఖాళీ దొరికితే ఇదే ఆడారు. ఇళ్లకు తిరిగి వెళ్తూ ఆటను ఊరూరికీ తీసుకెళ్లారు. తమాషా ఏమిటంటే బేస్‌బాల్‌ను పెంచి పోషించిన ఇద్దరు పెద్దలూ ఇంగ్లండ్‌లో పుట్టిన క్రికెట్ మనుషులే. హెన్రీ చాడ్విక్ క్రికెట్ వార్తలు రాసే విలేకరి. ఆట మొత్తాన్ని అరచేతి వెడల్పు పట్టికలో ఇమిడ్చే పద్ధతిని ఆయనే వృద్ధి చేశాడు. హ్యారీ రైట్ జీతం తీసుకుని క్రికెట్ ఆడినవాడు. ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చిన మొదటి బేస్‌బాల్ జట్టు, 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, ఆయన చేతిలోనే తయారైంది. ఖండం ఈ చివరి నుంచి ఆ చివరికి రైలు మార్గం పూర్తయింది ఆ ఏడాదే. జట్టు ఆ రైల్లోనే కాలిఫోర్నియా దాకా వెళ్లి ఆడి వచ్చింది. రైలు, టెలిగ్రాఫ్, పత్రిక ఈ మూడూ లేకపోతే ఇక్కడి ఆటలేవీ ఊరి పొలిమేర దాటేవి కావు.

ఆ తర్వాత డబ్బు సంగతి. 1876లో నేషనల్ లీగ్ వచ్చింది. టికెట్ యాభై సెంట్లు, బీరు లేదు, ఆదివారం ఆట లేదు. పెద్దమనుషుల పద్ధతి అన్నమాట. 1882లో పోటీగా ఇంకో లీగ్ దిగి పావలా టికెట్ పెట్టింది, బీరు అమ్మింది, చట్టం ఒప్పుకున్నచోట ఆదివారం కూడా ఆడించింది. శనివారం దాకా ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఎటు వెళతాడో వేరే చెప్పాలా? ఆ లీగ్ పదేళ్లే బతికినా అది నేర్పిన పాఠం మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మైదానంలో బీరు ధర చూసినప్పుడు అదే గుర్తొస్తుంది నాకు. 1903లో రెండు పెద్ద లీగుల విజేతల మధ్య వరల్డ్ సిరీస్ మొదలైంది. రేడియో రాకముందు ఈ పోటీలప్పుడు జనం పత్రికాఫీసుల ముందు గుమిగూడి, టెలిగ్రాఫ్‌లో వచ్చే స్కోరు బోర్డు మీద పెడుతుంటే చూస్తూ నిలబడేవారు. టీకొట్టు దగ్గర ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన తరం మనది. వాళ్లను అర్థం చేసుకోవడానికి మనకు కష్టమేమీ లేదు.

చూడటం ఎలా అంటారా? బౌలర్‌ని పిచర్ అంటారు. బంతి నేలకు తగలదు, అన్నీ ఫుల్‌టాసులే. అలా అని తేలికనుకోకండి, ఆ బంతి చివరి క్షణంలో వంకర తిరుగుతుంది. కొట్టినది ముందున్న రెండు గీతల మధ్యకే రావాలి. ఫైన్ లెగ్, థర్డ్ మ్యాన్ వైపు వెళితే పరుగుల్లేవు. కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతి వదిలేసినా ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులకు ఔట్, ముగ్గురు ఔటైతే అవతలి జట్టు బ్యాటింగ్, అలా తొమ్మిది ఇన్నింగ్స్. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాట పాడతారు. జాతీయగీతం మొదట్లోనే అయిపోతుంది కాబట్టి కంగారు పడకండి, నడుం సాగదీసి కూర్చోండి.

ఒక ముఖ్యమైన మాట. బంతి మీ దగ్గరకొస్తే అది మీదే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఫౌల్ బంతి వచ్చి కాళ్ల దగ్గర పడింది. గల్లీ క్రికెట్ అలవాటు, మర్యాదగా తీసి మైదానంలోకి విసిరేశాను. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వెనక సీటు కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకప్పుడు ఇక్కడా బంతి తిరిగి ఇవ్వాల్సిందే. 1921లో న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు ఇవ్వనంటే బయటికి పంపేశారు. అతను కోర్టుకెక్కి గెలిచాడు.

మొదటిసారికి న్యూయార్క్ పెద్ద జట్లు యాంకీస్, మెట్స్ మ్యాచ్‌లకు డబ్బు తగలేయకండి. బ్రిడ్జ్‌వాటర్‌లో సోమర్‌సెట్ పేట్రియట్స్ అనే చిన్న లీగ్ జట్టు ఉంది. టికెట్ తక్కువ, పార్కింగ్ టెన్షన్ తక్కువ. శాకాహారులకు వేరుశనగ, పాప్‌కార్న్, ప్రెట్జెల్ ఎలాగూ ఉంటాయి.

ఈ ఆట గురించి మాట్లాడుతూ నల్లవారిని దూరం పెట్టిన సంగతి దాటవేయకూడదు. 1880లలోనే వాళ్లకు పెద్ద లీగుల తలుపులు మూశారు. వాళ్లు తమ లీగ్ తామే కట్టుకున్నారు. మన నెవార్క్‌లోనే ఈగిల్స్ అనే జట్టు ఉండేది, భర్తతో కలిసి దాన్ని నడిపింది ఎఫా మాన్లీ. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న ఒకే ఒక మహిళ ఆమె. జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ తరఫున ఆడి ఆ తలుపు తెరిచాడని అందరూ చెబుతారు. దానికి ఏడాది ముందు, 1946 ఏప్రిల్ 18న, చిన్న లీగ్‌లో తన మొదటి మ్యాచ్ ఆడింది జెర్సీ సిటీలో. ఆ స్టేడియం ఇప్పుడు లేదు. ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లందరి చొక్కాల మీదా 42 అంకె కనిపిస్తే టీవీ పాడయిందనుకోకండి, అది ఆయన నంబరు.

న్యూబ్రన్స్‌విక్, ఫుట్‌బాల్

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు, అది సాకర్. కానీ 1869 నవంబర్ 6న న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు జట్టుకు ఇరవై ఐదు మంది చొప్పున ఆడిన మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తే మనం సాకరే అనుకుంటాం. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడానికి లేదు. రట్గర్స్ 6-4తో గెలిచింది. పదేళ్లు తిరిగేసరికి కాలేజీలు రగ్బీ వైపు మళ్లాయి. యేల్ కాలేజీకి చెందిన వాల్టర్ క్యాంప్ 1880లో జట్టుకు పదకొండు మందిని ఖాయం చేయించాడు. బంతి చేతికొచ్చిన జట్టు దాన్ని వదలకుండా సగం ఆట కూర్చుంటోందని 1882లో ఒక నియమం పెట్టారు: మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు వెళ్లకపోతే బంతి అవతలివాళ్లకు. ఈ రోజు టీవీలో మీరు చూసే నాలుగు ప్రయత్నాలు, పది గజాల లెక్కకు మూలం అదే. అది ఒక్కటి పట్టుకుంటే ఆట సగం వచ్చేసినట్టే.

మొదట్లో ఇది చావుల ఆట. మరణాలు ఎక్కువవుతుండటంతో 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు, కుమ్ములాట తగ్గింది. ప్రొఫెషనల్ లీగ్ 1920లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో, ఒక కార్ల షోరూమ్‌లో పుట్టింది. రెండేళ్లకు ఎన్‌ఎఫ్‌ఎల్ (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్) అని పేరు మారింది.

ఇది కాలేజీల ఆట కాబట్టే శనివారం కాలేజీలది. హైస్కూళ్లకు శుక్రవారం రాత్రి, ప్రొఫెషనల్స్‌కు ఆదివారం. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ సహోద్యోగిని భోజనానికి పిలవకండి, వస్తే మనసంతా టీవీ మీదే ఉంటుంది. థాంక్స్ గివింగ్ రోజు కూడా అంతే. స్టేడియానికి వెళితే పారదర్శకమైన సంచీ తప్ప పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. ఆట కన్నా రెండు మూడు గంటల ముందే పార్కింగ్ స్థలంలో పొయ్యిలు వెలిగించి వండుకు తింటారు. అచ్చం వనభోజనాలే, ఉసిరిచెట్టు ఒక్కటే లేదు.

చలికాలం వస్తే

బాస్కెట్‌బాల్ చలికి పుట్టింది. 1891 డిసెంబర్‌లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణ పాఠశాలలో, గదిలో ఆడే కొత్త ఆట కనిపెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే కెనడా మాస్టారికి చెప్పారు. ఆయన పెట్టెలు అడిగితే భవనం చూసుకునే మనిషి పీచ్ పండ్ల బుట్టలు తెచ్చాడు. వాటిని బాల్కనీ అంచుకు మేకులతో కొట్టారు. ఆ అంచు ఎత్తు పది అడుగులు. ఇవాళ్టికీ రింగు ఎత్తు అంతే. ఆట కుదిరాక వైఎంసీఏ దాన్ని దేశదేశాలకు మోసుకెళ్లింది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టిన హ్యారీ క్రో బక్ కూడా ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్నవాడే.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు కొద్ది మైళ్ల దూరంలో హోల్యోక్ ఉంది. 1895లో అక్కడి వైఎంసీఏలో విలియమ్ మోర్గన్, బాస్కెట్‌బాల్ మరీ దూకుడుగా ఉందన్న నడివయసు వ్యాపారుల కోసం నెట్ కట్టి వాలీబాల్ కనిపెట్టాడు. మన ఊళ్లలో సంక్రాంతికి టోర్నమెంట్లు పెట్టుకునే వాలీబాల్ పుట్టిల్లు అదే. రెండు ఊళ్లలోనూ మ్యూజియాలున్నాయి, ఎడిసన్ నుంచి కారులో మూడు గంటల చిల్లర. బయల్దేరే ముందు తెరిచే వేళలు చూసుకోండి.

విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు మా నాన్నను హోల్యోక్ తీసుకెళ్లాను. కుర్రతనంలో ఆయన మా ఊరి జట్టులో స్మాషర్. మొదట్లో నెట్ ఎత్తు ఆరున్నర అడుగులేనని చెబితే కాసేపు ఆలోచించి అన్నాడు: "ఆరున్నరా? మేం గేదెల పాకకు కట్టిన తడికే అంతకన్నా ఎత్తురా."