హీటరు రాత్రంతా నడిచినా గ్రీన్‌హౌస్ ఎందుకు వెచ్చబడదు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్ వంటి చోట్ల పెరట్లో ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పాలీకార్బొనేట్ (వెలుతురు సోకనిచ్చే గట్టి ప్లాస్టిక్) గ్రీన్‌హౌస్ నిలబెట్టుకుని, కరివేపాకు, మల్లె, నిమ్మ కుండీలను అందులో చలికాలం దాటించాలనుకునే మనవాళ్ల నుంచి జనవరి వచ్చిందంటే ఒకే ప్రశ్న వినిపిస్తుంది: హీటరు చాలడం లేదు, ఇంకా పెద్దది కొనాలా? చాలా సందర్భాల్లో కొననక్కర్లేదు. పైగా అక్కడి మామూలు 120 వోల్టుల ప్లగ్గుకు తగిలించే హీటర్లు 1500 వాట్లకు మించవు. అదే లైనులో రెండోది తగిలిస్తే 15 ఆంపియర్ల బ్రేకరు పడిపోవడం తప్ప వేడి పెరగదు.

ఏ సమస్యకైనా ముందుగా కావలసింది కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే ఒక చిన్న థర్మామీటరు. దానిని మొక్కల ఆకుల ఎత్తులో, ఎండ తగలని చోట, హీటరు గాలి సూటిగా సోకకుండా వేలాడదీయాలి. రాత్రి అత్యల్పం ఎంతో తెలియకుండా హీటరును తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. అయినా పదిమందిలో తొమ్మిదిమంది ఈ పని చేయకుండానే కొత్త హీటరు కోసం వెతకడం మొదలుపెడతారు. ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉన్నాయి. కరివేపాకు, మల్లె వంటి వాటికి రాత్రి 45కు తగ్గకుండా చూసుకుంటే చాలు, 50 ఉంటే మరీ మంచిది.

సమస్య: హీటరు ఆగకుండా నడుస్తోంది, అయినా ఉష్ణోగ్రత పెరగడం లేదు.

ఇది లోపమో కాదో తేల్చడానికి లెక్క వేసుకోవాలి. నాలుగు మిల్లీమీటర్ల రెండు పొరల పాలీకార్బొనేట్‌తో కట్టిన ఆరు, ఎనిమిది అడుగుల గ్రీన్‌హౌస్‌కు గోడలూ కప్పూ కలిపి సుమారు 240 చదరపు అడుగుల ఉపరితలం ఉంటుంది. సందులేవీ లేవనుకుంటే 1500 వాట్ల హీటరు లోపలి గాలిని బయటికంటే దాదాపు 30 డిగ్రీలు ఎక్కువగా ఉంచగలదు. బయట 15 ఉంటే లోపల 45 ఉంటుంది. బయట సున్నాకు పడిపోయిన రాత్రి లోపల 30 చూపిస్తే హీటరు తన పని తాను చేసినట్టే, తక్కువైనది గోడ మందం. అప్పుడు లోపలి వైపు గోడలకూ కప్పుకూ పెద్ద బుడగలున్న బబుల్ ర్యాప్ కప్పాలి. సరిగ్గా కప్పితే మరో పది డిగ్రీలకు తక్కువ కాకుండా కలిసివస్తుంది.

లెక్క ప్రకారం రావలసినంత కూడా రాకపోతే తలుపు అడుగునా, గ్రీన్‌హౌస్ చట్రం నేలను ఆనుకునే చోటా చేయి పెట్టి చూడాలి. చల్లగాలి చొరబడేది ఎక్కువగా అక్కడినుంచే. తలుపు కింద నురుగు పట్టీ అంటించి, చట్రం చుట్టూ బయటినుంచి మట్టి ఎగదోస్తే చాలు.

ఇంటినుంచి పెరటి చివరిదాకా లాగిన సన్నని ఎక్స్‌టెన్షన్ వైరును కూడా అనుమానించాలి. నూరడుగుల 16 గేజి వైరులో 1500 వాట్ల బరువు మీద 10 వోల్టుల దాకా పడిపోతుంది, దానితో హీటరు ఇచ్చే వేడిలో సుమారు ఆరో వంతు తగ్గుతుంది. ఆ తగ్గిన దానిలో కొంత వైరును వేడెక్కించడానికే ఖర్చవుతుంది కాబట్టి, చుట్టలు చుట్టి ఆకుల కింద పడేసిన వైరు అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు. హీటర్ల తయారీదారులు ఎక్స్‌టెన్షన్ వైరు వద్దనేది ఊరికే కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా ఒక లైను వేయించుకోవడమే సరైన పద్ధతి.

హీటరు ఆగుతూ నడుస్తూ ఉండి, కుండీల దగ్గర మాత్రం చలిగా ఉంటే, దాని లోపలి థర్మోస్టాట్ తన చుట్టూ ఉన్న వేడిని కొలుచుకుని తృప్తిపడుతోందని అర్థం. విడిగా దొరికే ప్లగ్గు థర్మోస్టాట్ కొని, దాని కొలిచే కొనను మొక్కల మధ్య ఉంచితే సరిపోతుంది.

సమస్య: రాత్రి నడుస్తూ కనిపించిన హీటరు తెల్లవారేసరికి ఆగిపోయి ఉంది.

తడి ఉండే చోటు కాబట్టి జీఎఫ్‌సీఐ ప్లగ్గు, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ప్లగ్గు, పడిపోయి ఉంటుంది. అది గ్రీన్‌హౌస్‌లోనే ఉండాలని లేదు, గరాజ్‌లోనో నేలమాళిగలోనో ఉన్న మరో ప్లగ్గు పడినా ఇక్కడ కరెంటు పోతుంది, కనుక అన్నింటినీ చూడాలి. అది సరిగ్గానే ఉంటే హీటరు వంక చూడండి. బటన్లూ అంకెల తెరా ఉన్న హీటర్లలో చాలావాటికి కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే మళ్లీ వాటంతట అవి వెలగవు. తిప్పే పిడి ఉన్న పాతకాలపు రకం మాత్రం ఆగిన చోటినుంచే మొదలవుతుంది. గ్రీన్‌హౌస్‌కు ఆ పాత రకమే కొనుక్కోవాలి.

సమస్య: మబ్బు పట్టిన రోజుల్లో రాత్రి బాగానే ఉంటోంది, పగలు బాగా ఎండ కాసిన రోజు రాత్రే లోపల ఉష్ణోగ్రత పడిపోతోంది.

ఎక్కువమందిని ఏమార్చేది ఇదే. వినగానే అందరూ ఒకే మాట అంటారు: మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది కదా, అందుకే చలి ఎక్కువ. ఆ మాట నిజమే, అందువల్లనే అసలు కారణం దాని చాటున దాక్కుంటుంది. బయటి కనిష్ఠాన్నీ లోపలి కనిష్ఠాన్నీ పక్కపక్కన రాసుకుంటూ పోతే సంగతి బయటపడుతుంది. మబ్బు రోజున రెండింటికీ 30 డిగ్రీల తేడా ఉండి, ఎండ కాసిన రోజున 20 మాత్రమే ఉంటే, ఆ పది డిగ్రీల లోటంతటినీ ఆకాశం మీదికి నెట్టేయలేం. అప్పుడు కప్పు మీది కిటికీని చూడాలి.

ఈ గ్రీన్‌హౌస్‌లలో చాలావాటికి కప్పు కిటికీని తానే తెరిచి మూసే ఒక సాధనం ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఒక సిలిండర్‌లో మైనం ఉంటుంది, వేడికి అది కరిగి ఉబ్బి పిస్టన్‌ను తోస్తుంది, కిటికీ పైకి లేస్తుంది. సాధారణంగా 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఇది మొదలవుతుంది. బయట 25 ఉన్న రోజున కూడా మంచి ఎండ కాస్తే మధ్యాహ్నానికి లోపల అంత వేడి సులువుగా వస్తుంది, కాబట్టి చలికాలంలోనూ కిటికీ తెరుచుకుంటుంది. మబ్బు రోజున అసలు తెరుచుకోదు. తేడా అంతా అక్కడే ఉంది.

తెరుచుకోవడం కంటే మూసుకోవడంలోనే చిక్కు ఎక్కువ. మైనం ఉబ్బినప్పుడు బలంగా తోస్తుంది గాని, చల్లబడినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగదు. కిటికీ బరువూ ఒక స్ప్రింగూ కలిసి దాన్ని వెనక్కి నెట్టాలి. స్ప్రింగు సాగిపోయినా, పిస్టన్ మీద దుమ్ము పట్టినా, బందులు ఎండి బిగుసుకున్నా కిటికీ చివరి అంగుళం దగ్గర ఆగిపోతుంది. మైనం చల్లబడడానికి కూడా చాలా నిమిషాలు పడుతుంది. డిసెంబరులో న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, ఆ తరువాత చలి వేగంగా దిగుతుంది. కిటికీ ఇంకా ఓరగా ఉండగానే లోపలి తేమగాలి ఆ సందులోనుంచి బయటికి పోతూ రబ్బరు పట్టీ మీద మంచుగా గడ్డకడుతుంది. ఆ పలుచని మంచు పొర మీద వచ్చి ఆనిన కిటికీ ఇక పూర్తిగా మూసుకోదు. మర్నాడు ఎండకు మంచు కరిగిపోతుంది, సాక్ష్యం మిగలదు. శనివారం మధ్యాహ్నం తీరిగ్గా తనిఖీ చేసేవారికి అందుకే ఏ లోపమూ కనిపించదు.

సందు కప్పులో అన్నిటికంటే ఎత్తున ఉండడం వల్ల నష్టం రెట్టింపవుతుంది. వేడిగాలి పైనుంచి పోతున్నకొద్దీ కింద తలుపు సందులోనుంచి చల్లగాలిని లాక్కుంటుంది. రెండడుగుల కిటికీ ఒక్క అంగుళం తెరిచి ఉంటే, గాలి కదలని రాత్రి కూడా రెండు వందల వాట్లకు పైగా వేడి అలా పోతుందని నా అంచనా, ఈదురుగాలి ఉంటే ఇంకెంతో ఎక్కువ. అలాంటి చోట పెద్ద హీటరు పెట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

నిర్ధారించుకునే పద్ధతి కష్టమైనది కాదు గాని, ఎండ కాసిన రోజున చీకటి పడిన రెండు గంటల తరువాతే చేయాలి. కిందినుంచి టార్చి వేసి చూస్తే కిటికీ మూసే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అంచు మడత సందును కప్పేస్తుంది. చిన్న నిచ్చెన ఎక్కి, హీటరు ఫ్యాను ఒక నిమిషం ఆపి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ అంచు వెంబడి నెమ్మదిగా జరపండి. సందు లేకపోతే పొగ తిన్నగా లేచి కప్పు కింద పరుచుకుంటుంది, ఉంటే దారంలా ఒక్క వైపుకు సాగి మాయమవుతుంది. నిచ్చెన ఎక్కలేనివారు తెల్లవారుజామున బయటినుంచి చూడవచ్చు. కప్పంతా మంచు పూత సమానంగా ఉండి, కిటికీ కింది అంచు దగ్గర మాత్రం మంచు కరిగిన చారగాని, వేలాడే చిన్న మంచు కడ్డీలుగాని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

నవంబరులోనే సిలిండర్‌ను విప్పి ఇంట్లోకి తీసుకువెళ్లడం అన్నిటికంటే మంచి పరిష్కారం. ఆ తరువాత కిటికీని చేత్తో మూసి, రెండు చివరలా గడియలు బిగించి, లోపలినుంచి బబుల్ ర్యాప్ ముక్క అంటించాలి. సిలిండర్‌ను అలాగే ఉంచి కిటికీకి గడియ మాత్రం పెట్టకూడదు. ఎండకు ఉబ్బిన మైనం ఆగదు, చట్రాన్నైనా వంచుతుంది, తననైనా పాడుచేసుకుంటుంది. పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారికి ఈ పద్ధతి చాలు, మరీ వేడెక్కిన రోజున తలుపు కాసేపు ఓరగా తీస్తే సరిపోతుంది.

పగలంతా ఆఫీసుల్లో ఉండేవారు ఫిబ్రవరి ఎండలకు మొక్కలు ఉడికిపోకుండా సిలిండర్‌ను ఉంచుకోవలసి రావచ్చు. అప్పుడు పిస్టన్‌ను తుడిచి సిలికాన్ నూనె పట్టించాలి, సాగిన స్ప్రింగు మార్చాలి, కిటికీ వీలైనంత ఎక్కువ వేడికే లేచేటట్టు సర్దుబాటు మరను తిప్పాలి. వేసవిలో త్వరగా తెరుచుకోవాలని ఆ మరను బిగించి మరిచిపోయినవారి కిటికీ చలికాలంలో ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. రబ్బరు పట్టీని వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. ఇంటికి రాగానే ఒకసారి వెళ్లి కిటికీని చేత్తో కిందికి లాగి చూడడం అలవాటు చేసుకోండి.

సమస్య: ఉష్ణోగ్రత సరిగ్గానే ఉంది, అయినా కరివేపాకు పసుపు రంగుకు తిరిగి ఆకులు రాలుస్తోంది.

నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. చలికి ఎదుగుదల ఆగిన మొక్క నీళ్లు తాగదు, చల్లని తడిమట్టిలో వేళ్లు కుళ్లుతాయి. మట్టి రెండంగుళాల లోతు ఎండేదాకా చెంబు ముట్టుకోకండి. కొన్ని ఆకులు రాలినంత మాత్రాన మొక్క చచ్చిపోదు, కొమ్మను గోరుతో గీరి చూడండి, లోపల ఆకుపచ్చ కనబడితే వసంతంలో చిగురిస్తుంది.

మిగిలినవి అరుదు. హీటరులో ఒక తీగ కాలిపోవడం, ఎలుక వైరు కొరకడం, పాలీకార్బొనేట్ రెండు పొరల మధ్య ఉండే గొట్టాల్లోకి నీరు చేరడం వంటివి పైవన్నీ చూసిన తరువాతే వెతకండి. నల్లరంగు వేసిన నీళ్ల డ్రమ్ములు పగటి ఎండ వేడిని దాచుకుని రాత్రి వదులుతాయని చాలామంది గొప్పగా చెబుతారు గాని, 55 గ్యాలన్ల డ్రమ్ము 20 డిగ్రీలు చల్లబడితే ఇచ్చే వేడి 1500 వాట్ల హీటరు రెండు గంటల్లోపు ఇచ్చేదానితో సమానం, అంత చిన్న గదిలో అది ఆక్రమించే చోటుకు ఆ లాభం చాలదు. కిరోసిన్ లేదా ప్రొపేన్ హీటరును పొగగొట్టం లేకుండా వాడవద్దు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణాలకు ముప్పు, సరిగ్గా మండని ఇంధనం నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలూ ఆకులూ రాలిపోతాయి. కరెంటు పోయే తుఫాను రాత్రి ముందే తెలిస్తే, కుండీలను ఆ ఒక్క రాత్రికి గరాజ్‌లోకి మోసుకుపోవడమే సులువు.