సరిహద్దు ఒడిశాలో తొలి ఇల్లు: వడ్డీ రాయితీ ఎవరికి, పన్ను ఊరట ఎవరికి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పట్టణాల్లో తొలిసారి ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీని, ఆదాయపు పన్ను మినహాయింపును ఒకే లెక్కలో కలుపుకోవడం పరిపాటి. నిజానికి ఈ రెండూ ఒకే ఇంటికి చేరడం అరుదు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే తమకు వర్తించేది ఏదో తేల్చుకోవాలి.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద, 2024 సెప్టెంబరు 1 నుంచి మంజూరైన గృహరుణాలకు వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ వార్షికాదాయం 9 లక్షలకు, ఇంటి విలువ 35 లక్షలకు, రుణం 25 లక్షలకు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల విస్తీర్ణం) 120 చదరపు మీటర్లకు మించకూడదు. రుణంలో మొదటి 8 లక్షలపై 4 శాతం చొప్పున లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయలను ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకు జమ చేస్తారు. ప్రతి వాయిదా నాటికి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి కనుక, చేతికి డబ్బు అందిందని తొందరపడి అప్పు తీర్చేస్తే మిగిలిన వాయిదాలు రావు.

సరిహద్దు కుటుంబాలు తడబడేది మరో నిబంధన దగ్గర. భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లల్లో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదు. ఇచ్ఛాపురంలో తండ్రి పేరున ఉన్న ఇల్లు పెళ్లయి వేరుపడిన కొడుక్కి అడ్డు కాదు. పంపకాల్లో అది అతని పేరిట రాసి ఉంటే మాత్రం, రాష్ట్రం వేరైనా అర్హత పోతుంది. గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకంలో లబ్ధి పొందినవారికి, అది ఆంధ్రలో పొందినదైనా సరే, మళ్లీ అవకాశం లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఒడియా పట్టాలో చివర ఉండడం మనవాళ్లలో మామూలే కాబట్టి, కొనుగోలు దస్తావేజులో పేరును ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే ఆదివాసీల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించినవి. అక్కడ ఆదివాసీ భూమి ఇతరులకు బదిలీ కావడంపై 1956 నుంచే ఆంక్షలున్నందున, పాత యజమానుల వరుసను వకీలుకు చూపించనిదే ముందుకు వెళ్లకూడదు.

ఇక పన్ను. సొంతంగా ఉండే ఇంటి రుణంపై వడ్డీకి 2 లక్షల వరకు, అసలుకు 1.5 లక్షల వరకు మినహాయింపు, ఆదాయపు పన్ను లెక్కించే రెండు పద్ధతుల్లో పాతదానిలోనే వర్తిస్తుంది. 2025-26 శ్లాబుల ప్రకారం కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు జీతం, వ్యాపార ఆదాయాలపై పన్నే పడదు. అంటే రాయితీకి అర్హమైన కుటుంబానికి ఈ మినహాయింపుతో పనే లేదు. 15 లక్షల జీతగాడి లెక్క చూసినా, గృహరుణపు రెండు మినహాయింపులూ పూర్తిగా వాడుకుని పాత పద్ధతిలో కట్టేది 1,48,200 రూపాయలు, కొత్త పద్ధతిలో 97,500. ఇంటి అద్దె భత్యం వంటివి ఇంకా గట్టిగా ఉంటే తప్ప పాత పద్ధతి గిట్టదు. పన్ను కలిసొస్తుందని బిల్డరు మనిషి చెప్పే మాటను ఈ లెక్కతోనే తూచాలి.

ఆదాయంతో సంబంధం లేకుండా దక్కేది స్టాంపు డ్యూటీ తగ్గింపు. ఒడిశాలో ఈ డ్యూటీ పురుషుల పేరిట కొంటే 5 శాతం, మహిళల పేరిట కొంటే 4 శాతం. 30 లక్షల ఇంటిపై తేడా 30,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం ఎవరికైనా ఒకటే. పాత పద్ధతిలో మినహాయింపు కోరే భర్త మాత్రం యజమానిగా కూడా ఉండాలి కనుక, అటువంటివారు దస్తావేజులోనూ రుణపత్రాల్లోనూ ఇద్దరి పేర్లు వేయించుకోవాలి. తక్కినవారు భార్య పేరిటే రిజిస్టరు చేయించుకుని, భర్తను సహ రుణగ్రహీతగా చూపితే సరిపోతుంది.