పాత సున్నపు గోడకు మరమ్మతు ఎలా?

విశాఖ దగ్గర సముద్రతీరంలోని భీమునిపట్నం 1861లోనే మునిసిపాలిటీ అయింది. అలాంటి ఊళ్లలో ఆ కాలపు ఇటుక, సున్నం గోడలు పెచ్చులూడితే చాలామంది సిమెంటు పూసేస్తారు. అంతకన్నా చెరుపు లేదు. సున్నపు పూతలోంచి తేమ ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. సముద్రపు గాలి ఉప్పు కూడా తోడై వెనకున్న ఇటుక పొడిపొడిగా రాలుతుంది.

ముందు తేమ దారి మూయండి: కారే తూము, గోడ మొదట్లో పేరుకున్న మట్టి, పగుల్లో మొలిచిన రావి మొక్క. తర్వాత గోడను తట్టి, బోలుగా మోగినంత మేరే రాల్చండి. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

కొత్త పూతకు కలపాల్సింది: నెల రోజులైనా నానిన సున్నం 1 పాలు, జల్లించిన ఏటి ఇసుక 3 పాళ్లు. సముద్రపు ఇసుక పనికిరాదు. చెమ్మ తగిలే చోట 1 పాలు ఇసుకకు బదులు మెత్తటి ఇటుక పొడి కలపండి. కళ్లద్దాలు, గ్లవుజులు తప్పనిసరి, సున్నం కాలుస్తుంది.

ఇటుకను తడిపి, ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు మించకుండా పూయండి. పొర గట్టిపడ్డాకే మరో పొర. తడి గోనెపట్టా వేలాడదీసి వారమైనా చెమ్మగా ఉంచాలి. మందంగా పూసినా, ఎండకు గబగబా ఆరినా బీటలే. మండువేసవిలో ఈ పని పెట్టుకోకండి.