పెరూ డబ్బీ, చిలీ డబ్బీ: బ్లూబెర్రీలు పక్కపక్కన పెట్టి చూసేదెట్లా

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. తోతాపురి లారీ గేటు దాటిందంటే నాలుగు కాయలు కోసి, రసం చుక్క అద్దం మీద వేసి, బ్రిక్స్ ఎంతో రాయడం నా పని. బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె. పండు రసంలో అందులో ఎక్కువ భాగం చక్కెరే. రిటైరయ్యాక తిరుపతిలో కూతురింటికి వచ్చేశాం. బ్రిక్స్ కొలిచే ఆ చిన్న పరికరం, రిఫ్రాక్టోమీటర్ కూడా నాతోనే వచ్చింది.

బ్లూబెర్రీల గోల మనవరాలితో మొదలైంది. ఒక నెల డబ్బీ మొత్తం ఖాళీ చేసేది. ఇంకో నెల రెండు నమిలి ఉమ్మేసేది. అదే షాపు, అదే 125 గ్రాముల డబ్బీ, మూడు వందలకు కాస్త అటూ ఇటూ. లేబుల్ తిప్పి చూస్తే బాగున్నది పెరూది, ఉమ్మేసింది చిలీది. "ఇంకేం నాన్నా, పెరూవే కొందాం" అంది మా అమ్మాయి. నాకు మనసొప్పలేదు. దామలచెరువు మండీలో బేనీషా మామిడి అంతా ఒకటే రుచి ఉంటుందా? ధర కోసం ఏప్రిల్‌లో తొందరపడి కోసిన కాయ వేరు, మే నెలాఖరు కాయ వేరు. ఊరొక్కటే చూసి పండును తేల్చలేం.

కాబట్టి ముందు చూడాల్సింది నెల. పెరూలో బ్లూబెర్రీ పండేది సముద్రం పక్కనున్న ఎడారిలో. కొండల నుంచి కాలువల్లో నీళ్లు తెచ్చి డ్రిప్‌తో పెంచుతారు. అక్కడ చలి పెద్దగా ఉండదు కనుక బిలాక్సీ, వెంచురా లాంటి చలి అంతగా అక్కర్లేని రకాలు వేస్తారు. కోత సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా జోరుగా ఉంటుంది. (2023లో ఎల్‌నినో వేడికి అక్కడ దిగుబడి బాగా పడిపోయింది.) దక్షిణాఫ్రికా పంట కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. చిలీలో అసలైన చలికాలం ఉంది, పంట డిసెంబర్, జనవరి నెలల్లో ఊపందుకుంటుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల కాయ జూలై, ఆగస్టుల్లో. ఈ పంట పుట్టిల్లు అదే. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త కలిసి అడవి పొదల్ని తోటలోకి తెచ్చి, 1916లో మొదటిసారి కాయను మార్కెట్‌కు పంపారు. బ్లూబెర్రీకి పుల్లటి నేల, అంటే ఆమ్ల గుణమున్న నేల కావాలని కనిపెట్టింది కోవిలే. మన దేశంలో ఇప్పుడు మహారాష్ట్ర లాంటి చోట్ల కొబ్బరి పొట్టు నింపిన కుండీల్లో పెంచుతున్నది కూడా అందుకే.

పంట మొదట్లో వచ్చే కాయకు, నడి పంట కాయకు తేడా ఎందుకంటే, బ్లూబెర్రీ మామిడి కాదు. వరిగడ్డిలో వేసి మాగబెడితే తియ్యబడే రకం కాదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే. ఆ తర్వాత మెత్తబడుతుంది, వాడిపోతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఇంట్లో నాలుగు రోజులు ఉంచితే తియ్యబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండు ప్రాంతాల కాయల్ని పోల్చాలంటే డిసెంబర్ మంచిది. పెరూ ఇంకా ఉంటుంది, చిలీ అప్పుడే దిగుతుంది. రెండూ ఒకే రోజు కొనండి. లేబుల్ మీద దేశం, ప్యాక్ చేసిన తేదీ, రకం పేరు ఉంటే అదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఓడలో వచ్చిన కాయ సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. విమానంలో వచ్చింది కొన్ని రోజుల్లోనే దిగుతుంది. తేదీ చూడకుండా రుచి చూస్తే మీరు పోల్చేది దేశాల్ని కాదు, ప్రయాణాల్ని. ఒకసారి ఒక షాపులో లేబుల్ అంచు లేచి ఉంటే గోటితో గీరి చూశాను. కింద ఇంకో లేబుల్, దాని మీద ఇంకో తేదీ. అప్పటి నుంచి నేను గీరకుండా ఏదీ కొనను.

డబ్బీని తలకిందులు చేసి చూడండి. అడుగున ఊదా మరక ఉందంటే లోపల ఎక్కడో కాయ చితికింది. కాయ మీద తెల్లటి పొడి పూత ఉండాలి. కొందరు అది మందు అనుకుని రుద్ది రుద్ది కడుగుతారు. అది కాయకు సహజంగా ఉండే మైనం, ద్రాక్ష మీద ఉన్నట్టే. చేతులు ఎక్కువ పడిన కాయకు ఆ పూత పోయి నల్లగా మెరుస్తుంది. తర్వాత తొడిమ ఊడిన చోటు చూడండి. అక్కడ చుట్టూ ఎర్రటి చాయ ఉంటే పూర్తిగా పండకముందే కోశారని లెక్క. తడిగా ఉంటే బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. సైజు చూసి మాత్రం మోసపోవద్దు. రూపాయి బిళ్లంత కాయలు చప్పగా ఉండటం చూశాను.

ఇక రుచి. నేను మొదటిసారి చేసిన తప్పు చెబుతాను. చిలీ డబ్బీ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశాను, మన దేశపుది పొద్దున్నుంచి టేబుల్ మీద ఉంది. చిలీది చప్పిడి అని తీర్పు చెప్పేశాను. నాలుకకు చల్లటి దాంట్లో తీపి తక్కువ తెలుస్తుందని ల్యాబ్‌లో అందరికీ చెప్పేవాణ్ణి నేనే! రెండు డబ్బీల్లోంచీ తినబోయే కాయల్ని తీసి అరగంట బయట ఉంచండి. మే నెల తిరుపతి ఎండలో అయితే పది నిమిషాలు చాలు. కాయ మీద చెమ్మ పడుతుంది కాబట్టి మొత్తం తీయకండి, తినే పది కాయలే తీసి కడగండి.

రిఫ్రాక్టోమీటర్ కొనాలనుకుంటే సున్నా నుంచి 32 వరకు ఉన్నది కొనండి. తేనెకు వాడేది వేరే, అది పనికిరాదు. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, గీత సున్నా మీదికి వచ్చేలా స్క్రూ తిప్పండి. తర్వాత ఒక్కో కాయను పలుచని గుడ్డలో పెట్టి అద్దం మీద పిండి, వెలుగు వైపు తిరిగి చూడండి. పది కాయలూ కలిపి పిండొద్దు. ఒకే డబ్బీలో 10 చూపించిన కాయ, 14 చూపించిన కాయ పక్కపక్కనే నాకు దొరికాయి. సగటు కన్నా ఆ తేడాయే ఎక్కువ చెబుతుంది. తేడా తక్కువగా ఉంటే కోత జాగ్రత్తగా జరిగిందని నా లెక్క.

అంకెను గుడ్డిగా నమ్మొద్దు. ల్యాబ్‌లోకి కొత్త కుర్రాడు వస్తే వాడిచేత నిమ్మరసం వేయించేవాళ్లం. 7 లేదా 8 చూపిస్తుంది. "ఏందబ్బా, నిమ్మకాయ ఇంత తీపా?" అని వాడు తెల్లమొహం వేసేవాడు. పులుపు కూడా అందులో కలిసే లెక్కకొస్తుంది మరి. అందుకే 12 ఉన్న రెండు కాయల్లో ఒకటి తియ్యగా, ఇంకొకటి పళ్లు పులిసేలా ఉండొచ్చు. అక్కడ నాలుకే దిక్కు. నేను నాలుగు మాటలు రాస్తాను: తీపి, పులుపు, తొక్క, గింజ గరగర. వాసన కూడా రాద్దామనుకున్నా కానీ, అల్లనేరేడు తిన్న ముక్కుకు బ్లూబెర్రీలో వాసన పెద్దగా తెలియదు.

కళ్లు మూసుకుని తినడం తప్పనిసరి. మూడు స్టీలు గిన్నెలు, అడుగున స్కెచ్ పెన్నుతో అంకెలు. మనవరాలు నా తువ్వాలుతోనే నా కళ్లు కట్టి, ఒక్కోటి నోట్లో వేస్తుంది. మొన్న ఫిబ్రవరిలో పెరూ, చిలీ, మహారాష్ట్ర పెట్టాం. ఇద్దరం వేర్వేరుగా ఎంచుకున్నా మూడో గిన్నే అన్నాం. తిప్పి చూస్తే మహారాష్ట్రది. బ్రిక్స్ మూడింటిలోకీ తక్కువ, 11. కానీ ప్యాక్ చేసి నాలుగు రోజులే అయింది, కొరికితే టప్‌మంది. పెరూ పంట అప్పటికి వెనకపట్టు పట్టింది, కాయ మెత్తగా ఉంది. అదే పెరూ కాయ అక్టోబర్‌లో అయితే గెలిచేదేమో. నోట్‌బుక్‌లో అక్టోబర్ పేజీ ఖాళీగా ఉంచాను.

పుల్లగా తేలినవి పారేయకండి. కాస్త చక్కెర వేసి పది నిమిషాలు ఉడికిస్తే దోసెలోకి బాగుంటుంది. కేకులో వేస్తే మాత్రం వంటసోడా తగ్గించండి. సోడా తగిలితే ఆ నీలం రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది. మా ఆవిడ చేసిన మొదటి కేకు అట్లాగే అయింది. మనవరాలు ముక్క చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "బూజు పట్టింది తాతా" అని నా ప్లేటులో పెట్టేసింది.