పుట్టుకతో ముఖాలు గుర్తుపట్టలేనివారు: మెదడు పరీక్షలను అర్థం చేసుకోవడం, ఇంట్లో చేయవలసినవి

పెళ్ళిపందిట్లో ఎవరో పెద్దావిడ ఒక కుర్రవాణ్ణి ఆపి "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడగడం మనకు మామూలే. పుట్టుకతో ముఖాలను గుర్తుపట్టలేనివారికి మాత్రం అది చెమటలు పట్టించే ప్రశ్న. చూసి కూడా చూడనట్టు పోయాడనీ, పొగరనీ మాట పడేది వీరే. ఈ స్థితికి 1947లో జర్మన్ నాడీవైద్యుడు యోఆకిం బోడమెర్ ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. ఆయన వర్ణించినది మెదడుకు గాయమైనవారిని. ఏ గాయమూ లేకుండానే, తరచు వంశపారంపర్యంగా, ఈ లోపం ఉన్నవారు నూటికి ఇద్దరి దాకా ఉంటారని తరువాతి అంచనాలు చెబుతున్నాయి.

ముందుగా చేయవలసింది ఈ లోపాన్ని ఇతర ఇబ్బందుల నుంచి వేరు చేయడం. కంటిచూపు పరీక్ష చేయించి, అందులో దోషం లేదని నిర్ధారించుకోవాలి. మనిషి తెలుస్తూనే ఉండి పేరు మాత్రం నోటికి రాకపోవడం దీని కిందికి రాదు. అది అందరికీ జరిగేదే. అసలు గుర్తులు వేరు: అక్క జుట్టు కత్తిరించుకుని వస్తే పరాయి మనిషిలా అనిపించడం, సినిమాలో ఇద్దరు పాత్రధారులను ఒక్కరే అనుకుని కథ తప్పిపోవడం, రోజూ చూసే సహోద్యోగి విశాఖ పూర్ణా మార్కెట్‌లో ఎదురైతే ఎవరో తెలియకపోవడం. పెద్ద వయసులో ఇది ఉన్నట్టుండి మొదలైతే పక్షవాతం వంటి కారణం ఉండవచ్చు కనుక, ఆలస్యం చేయకుండా కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రిలో నాడీవైద్యులకు చూపించాలి.

పరిశోధకులు ఎక్కువగా వాడే కేంబ్రిడ్జ్ ముఖ జ్ఞాపక పరీక్ష 2006లో వచ్చింది. మనవారు దాన్ని ప్రయత్నించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందులోని ముఖాలన్నీ తెల్లజాతి యువకులవి, పైగా అలవాటు లేని జాతి ముఖాలను గుర్తుంచుకోవడం ఎవరికైనా కష్టమే, కాబట్టి అందులో వచ్చిన తక్కువ మార్కులను చూసి లోపం ఉందని తీర్మానించరాదు. దానికంటే, బాగా తెలిసిన తెలుగు నటుల ఫొటోలను జుట్టు, చెవులు, దుస్తులు కనిపించకుండా కత్తిరించి చూపించి, అవే సినిమాలు చూస్తూ పెరిగిన అన్నదమ్ములతో పోల్చి చూడడం మేలని నా అభిప్రాయం. ఇది రోగనిర్ధారణ కాదు, కానీ మనస్తత్వ నిపుణుల దగ్గరకు వెళ్ళినప్పుడు చెప్పడానికి పనికివస్తుంది.

ఇక మెదడు సంగతి. కణత లోపలి భాగానికి అడుగున, ముఖ్యంగా కుడివైపు, ఇతర వస్తువులకంటే ముఖాలకు గట్టిగా స్పందించే చిన్న ప్రాంతం ఉందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం మెదడు పనిచేస్తుండగా చిత్రించే ఎఫ్.ఎం.ఆర్.ఐ. స్కాన్ ద్వారా చూపింది. ఫ్యూజిఫార్మ్ ముఖ ప్రాంతమని దాని పేరు. పుట్టుకతో లోపం ఉన్నవారిలో ఆ చోటు స్పందించకుండా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అయితే కొన్ని అధ్యయనాల్లో అక్కడి స్పందన తగ్గినట్టు కనిపించినా, మరికొన్నింటిలో అది దాదాపు మామూలుగానే ఉంది. తగ్గినది దానికీ, కణత భాగపు ముందు కొసకూ మధ్య జరిగే సమన్వయం. ముఖాన్ని ఫలానా మనిషితో జతచేసే పనిలో ఆ ముందు కొసకు పాత్ర ఉంది. ఆ దిశగా సాగే నాడీతంతువుల కట్టలు కూడా వీరిలో బలహీనంగా ఉన్నట్టు 2009 నాటి ఒక అధ్యయనం చూపింది. విశాఖవాసులకు తేలికగా చెప్పాలంటే, ఓడ రేవుకు చేరింది, సరుకూ దిగింది, లోపలి ఊళ్ళకు పోయే రైలుమార్గమే ఇరుకు.

ఎఫ్.ఎం.ఆర్.ఐ. రక్తంలోని ఆక్సిజన్ మార్పును కొలుస్తుంది, ఆ మార్పు శిఖరానికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలియాలంటే, మెదడు విద్యుత్ తరంగాలను వెంటవెంటనే నమోదు చేసే ఈ.ఈ.జి. కావాలి. ముఖం కనిపించిన సుమారు 170 మిల్లీసెకన్లకు వచ్చే తరంగం ఈ లోపం ఉన్నవారిలో కొందరికి మామూలుగానూ, కొందరికి తేడాగానూ ఉంటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2012లో వచ్చిన ఫలితం: ప్రసిద్ధుల ముఖాలను చూసి ఎవరో తెలియదన్నప్పుడు కూడా, పరీక్షకు వచ్చినవారిలో సగం మంది మెదడులో పరిచయాన్ని సూచించే తరంగం, సుమారు 250 మిల్లీసెకన్ల దగ్గర, కనబడింది. మెదడులో ఒక భాగానికి తెలిసినది మనిషికి తెలియలేదన్నమాట.

ఇటువంటి వార్త చదివేటప్పుడు అది గాయపడినవారి గురించా, పుట్టుకతో ఉన్నవారి గురించా అన్నది, ముఖాలను దేనితో పోల్చారన్నది, ఫలితం ఒక్కొక్కరిదా, గుంపు సగటా అన్నది చూసుకోవాలి. చాలావరకు అవి సగటులే. అందుకే ఒక వ్యక్తి స్కాన్ చూసి ఈ లోపాన్ని తేల్చలేరు, మామూలు ఎం.ఆర్.ఐ.లో సాధారణంగా ఏమీ కనబడదు కూడా. గాయం, మూర్ఛ వంటి అనుమానం ఉండి వైద్యులు అడిగితే తప్ప, ఆ డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదు.

దీన్ని నయం చేసే మందు లేదు. శిక్షణతో కొందరిలో కొంత మెరుగుదల కనిపించింది. నిత్యజీవితంలో ఉపయోగపడేది గొంతు, నడక, పుట్టుమచ్చ, కళ్ళజోడు వంటి ఆనవాళ్ళను కావాలని గుర్తుపెట్టుకోవడం. ఉక్కు కర్మాగారంలో హెల్మెట్, ఒకే రంగు దుస్తులు ఆ ఆనవాళ్ళను చెరిపేస్తాయి కాబట్టి, పలకరించే ముందు పేరు చెప్పమని తోటివారిని అడగడం మంచిది. ద్వారకా బస్ స్టేషన్లో ఎవరినైనా కలుసుకోవలసి వస్తే, ఏ ప్లాట్‌ఫారం దగ్గర, ఏ రంగు చొక్కాతో ఉంటారో ముందే చెప్పించుకోవాలి. ఇంటికి వచ్చే బంధువులకు "నేను గాజువాక పిన్నిని" అంటూ మాట మొదలుపెట్టడం అలవాటు చేయాలి.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆర్.కె. బీచ్‌కు వెళ్ళే ముందు అమ్మ చీర రంగును పిల్లవాడి చేత పైకి చెప్పించాలి, ఇంట్లోవారికి మాత్రమే తెలిసిన ఒక మాటను కూడా నేర్పించాలి. ఎవరు చేయి పట్టుకుని పిలిచినా, ఆ మాట వినిపించే వరకు కదలకూడదని చెప్పి, రెండు మూడుసార్లు ఇంటి దగ్గరే ఆడించి చూడాలి.