అపొమాటక్స్ వెళ్తే సత్రం దగ్గర ఆగండి

వర్జీనియాలోని అపొమాటక్స్ కోర్ట్ హౌస్ చూడబోయేవారికి ఒక మాట. అది ఊరి పేరు. అమెరికా అంతర్యుద్ధం చివర్లో, 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని జనరల్ లీ, ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు లొంగిపోయింది న్యాయస్థానంలో కాదు, అదే ఊళ్లోని మెక్లీన్ ఇంటి ముందుగదిలో. ఫోనులో ‘నేషనల్ హిస్టారికల్ పార్క్’ అని కూడా చేర్చి దారి వెతకండి. ఉత్త అపొమాటక్స్ అని కొడితే నేటి పట్టణానికి చేరతారు. పాత ఊరు అక్కడికి సుమారు ఐదు కిలోమీటర్లు.

అందరూ నేరుగా మెక్లీన్ ఇంటికే వెళ్తారు. చూడవలసిందే. కానీ దాన్ని 1893లో విప్పేశారు. ఇప్పుడున్నది పాత పునాదులపై 1940లలో తిరిగి కట్టినది. న్యాయస్థానమూ 1892లో కాలిపోయాక మళ్లీ కట్టినదే. అందుకే క్లోవర్ హిల్ సత్రానికి ఎక్కువ సమయం ఉంచుకోండి. 1819 నాటి అసలు కట్టడం అది. ఓడిన సైనికులు బందీలు కాకుండా ఇళ్లకు వెళ్లడానికి ఇచ్చిన విడుదల పత్రాలను వేల సంఖ్యలో అచ్చువేసింది అక్కడే. నాకైతే సంతకాలు జరిగిన గది కంటే ఆ అచ్చుయంత్రం ముందే మనసు కదిలింది.

ఊరంతా నడిచే తిరగాలి, మంచి చెప్పులు వేసుకోండి. ఏప్రిల్ 12న లీ పదాతి దళం తుపాకులు అప్పగించిన పాత బాట మీద కూడా కాసేపు నడవండి.